వార్డు మెంబర్‌గా గెలిచాను, మా బడికి ఏం చేయగలను?

కందిచేను
జనవరి 5, 2026, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ వంటల థ్రెడ్‌లు చదువుకోవడమే తప్ప నేను రాసింది లేదు. తప్పులుంటే సర్దుకోండి.

డిసెంబర్ పంచాయతీ ఎన్నికల్లో మా ఊరి 6వ వార్డు నుంచి గెలిచాను. మెజారిటీ 11 ఓట్లు. పాత నల్లగొండ జిల్లా అనుకోండి, ఊరి పేరు వద్దు. పంచాయతీలో మొత్తం 10 వార్డులు.

ప్రాథమిక పాఠశాల మా వార్డులోనే ఉంది. ఒకటి నుంచి ఐదు దాకా 27 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు. పొద్దున 7:40కి ఊర్లోకి ప్రైవేటు బళ్ల పసుపు బస్సులు మూడు వస్తాయి. ఒకరోజు వేపచెట్టు కింద నిలబడి లెక్కపెట్టాను. 64 మంది ఎక్కారు. సగానికి పైగా ఐదో తరగతి లోపు వాళ్లే. దాచడం ఎందుకు, రెండో తరగతి చదివే మా చిన్నది కూడా ఆ బస్సే ఎక్కుతుంది. ప్రచారానికి పోయినప్పుడు ఒక పెద్దావిడ బొట్టు పెట్టించుకుని మరీ అడిగింది, "నీ బిడ్డ ఏ బళ్లో చదువుతుందమ్మా?" అని. జూన్‌లో మారుస్తానని చెప్పి వచ్చాను. మా ఆయనకు ఇంకా చెప్పలేదు.

బడి సంగతి: బోరు మోటారు స్టార్టర్ కాలిపోయి దసరా నుంచి బాత్రూముల్లో నీళ్లు లేవు. ఆడపిల్లలు పక్కనున్న మా పెద్దమ్మ వాళ్లింటికి పోయి వస్తున్నారు. మధ్యాహ్నం అన్నం పెట్టే వేళకు కోతులు దిగుతాయి. గుడ్డు ఉన్న రోజైతే వాటికి ఎవరు చెప్తారో ఏమో, ఇంకో పది ఎక్కువ వస్తాయి.

మొన్న మొదటిసారి మీటింగ్‌కు పోతే రిజిస్టర్ తెచ్చి మా ఆయన చేతికిచ్చి "సంతకం పెట్టండి మెంబర్ గారూ" అన్నారు. ఆయన బండి మీద నన్ను దింపడానికి వచ్చాడంతే.

అడిగేది ఇదే. బడి విషయంలో వార్డు మెంబర్‌కు ఏమన్నా అధికారం ఉందా? లేక జెండా పండుగకు కుర్చీలో కూర్చోవడమేనా?


నిమ్మసోడా
జనవరి 5, రాత్రి 10:02

కుర్చీ కూడా గ్యారంటీ లేదు మేడం, ముందు వరుస సర్పంచ్ మనుషులదే.

సర్పంచ్‌కు నెలకు 6,500 గౌరవ వేతనం. చెక్కు మీద సర్పంచ్, ఉప సర్పంచ్ ఇద్దరి సంతకాలు. మరి మెంబర్‌కు? మీటింగ్ రోజు చాయ్, ఉస్మానియా బిస్కెట్. మా మామ ఐదేళ్లు చేశాడు. చివరికి మిగిలింది, వీధి లైటు పోతే అర్ధరాత్రి ఫోన్ చేసే జనం.


సుద్దముక్క
జనవరి 6, ఉదయం 6:15

నేను మెంబర్ గారూ అని మిమ్మల్నే పిలుస్తాను, మీ వారిని కాదు. 34 ఏళ్లు సర్కారు బళ్లలో చేశాను, చివరి తొమ్మిదేళ్లు హెడ్ మాస్టర్‌గా. రిజిస్టర్ మీ వారి చేతికిచ్చింది ఎవరో గానీ, మా వాళ్లకు ఆ అలవాటు ఎప్పుడు పోతుందో.

నిమ్మసోడా గారు డబ్బు లెక్క చెప్పారు. అది నిజమే. కానీ అసలు సంగతి చెప్పలేదు. 2009 విద్యా హక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాని 21వ సెక్షన్ ప్రకారం ప్రతి సర్కారు బడికీ యాజమాన్య కమిటీ, మనం ఎస్ఎంసీ అంటామే, అది ఉండాలి. నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, మొత్తం మీద సగం మంది ఆడవాళ్లు. చైర్‌పర్సన్ తల్లిదండ్రుల్లోంచే. హెడ్ మాస్టర్ కన్వీనర్. ఉమ్మడి రాష్ట్రంలో రాసుకున్న రూల్స్‌లో ఆ వార్డు మెంబర్ హోదా రీత్యా సభ్యురాలు. అంగన్వాడీ టీచర్, ఏఎన్ఎం కూడా అంతే. అంటే మీరు చుట్టపు చూపుగా పోయే మనిషి కాదు, ఆ గదిలో మీ కుర్చీ చట్టం వేసింది. ఇప్పుడు తెలంగాణలో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ కూడా ఉంది, 2024లో పెట్టారు. దానికి మహిళా సంఘాల గ్రామ సమాఖ్య అధ్యక్షురాలు చైర్‌పర్సన్. ఆమెతో గొడవ పెట్టుకోకండి, రిపేర్ల పని ఆ కమిటీ చేతుల మీదుగానే నడుస్తుంది.

ఇక నేను ఇంతసేపూ చెప్పాలనుకున్నది. మీ దగ్గర 27 మంది పిల్లలు ఉన్నారన్నారు. ఆ అంకె దగ్గర ఒక్క నిమిషం ఆగండి.

సమగ్ర శిక్ష అనే కేంద్ర పథకం నుంచి ఏడాదికి వచ్చే స్కూల్ గ్రాంట్ 30 మంది లోపు బడికి 10,000. 30 దాటితే 25,000. ఊడ్చడానికి, బాత్రూములు కడగడానికి రాష్ట్రం ఇచ్చే నెలవారీ సొమ్ము 30 దాకా 3,000, 31 నుంచి 6,000. నలుగురంటే నలుగురు పిల్లలు. ఆ నలుగురు వస్తే మీ బడి ఊడ్చే మనిషి జీతం రెట్టింపవుతుంది. సుద్దముక్కల నుంచి కరెంటు బల్బు దాకా కొనే డబ్బు రెండున్నర రెట్లు అవుతుంది. మీకు చెక్కు పవర్ లేదు, సరే. ఆ వార్డులో ఏ ఇంట్లో ఏ వయసు పిల్ల ఉందో మీకు తెలిసినంతగా ఎంఈఓకు, అదే మండల విద్యాధికారికి తెలుసా, కలెక్టర్‌కు తెలుసా? 11 ఓట్లతో గెలిచారంటే ప్రతి గడపా రెండుసార్లు తొక్కే ఉంటారు.


వంటింటి_పొగ
జనవరి 6, మధ్యాహ్నం 1:20

సుద్దముక్క సార్, మా వైపు లెక్క ఒకటి వదిలేశారు.

మా అమ్మ 14 ఏళ్లుగా బళ్లో వంట చేస్తుంది. 25 మంది దాకా ఒక వంట మనిషి, 26 నుంచి 100 దాకా ఇద్దరు. ఈ మేడం వాళ్ల బళ్లో 27. ఇద్దరు పిల్లలు బస్సెక్కితే ఒక ఆడమనిషి పని పోతుంది. మా ఊర్లో అట్లాగే అయింది. పోయింది మా అమ్మతో కలిసి వండే ఆమెది. ఇప్పుడు కట్టెలు, నీళ్లు, గిన్నెలు తోమడం అన్నీ మా అమ్మే.

గౌరవ వేతనం 3,000. అంతకుముందు వెయ్యే ఉండేది. కూరగాయలు, పప్పు, నూనె, గ్యాస్‌కు ప్రైమరీ పిల్లాడికి రోజుకు 6 రూపాయల 78 పైసలు. బియ్యం వేరేగా వస్తుంది, మనిషికి 100 గ్రాములు, సన్నబియ్యమే. 27 మందీ వస్తే 183 రూపాయలు. ఆ 183లో సాంబార్ పెట్టాలి. టమాట కిలో 60 అయిన రోజు మా అమ్మ చింతపండు ఎక్కువ పిసుకుతుంది. పిల్లలు "ఇయ్యాల పులుసు" అంటారు, ఆమె "సాంబారే" అంటుంది. బిల్లు మూడు నెలలకో నాలుగు నెలలకో పడుతుంది, అప్పటిదాకా కిరాణా కొట్టులో ఖాతా. ఖాతా పేరు బడిది కాదు, మా అమ్మది.

మేడం, మీరు ఏం చేయగలరని అడిగారు కదా. వారానికి ఒక్కరోజు చెప్పకుండా పోయి పిల్లల పక్కన కూర్చుని ఆ అన్నం తినండి. తప్పు పట్టడానికి కాదు. మెంబర్ తింటుందంటే కిరాణా కొట్టాయన మా అమ్మలాంటి వాళ్లను ఇంకో నెల ఆగనిస్తాడు.


నిమ్మసోడా
జనవరి 6, మధ్యాహ్నం 1:48

చివరి వాక్యం ఒప్పుకుంటాను. కిరాణా కొట్టు సైకాలజీ అది.


పచ్చసిరా
జనవరి 6, రాత్రి 8:55

పంచాయతీ కార్యదర్శిని. మా మండలం పేరు అడగొద్దు.

అందరూ బడి పంచాయతీది కాదనుకుంటారు. రాజ్యాంగం 11వ షెడ్యూల్‌లో పంచాయతీలకు అప్పగించదగినవని రాసిన 29 అంశాల్లో 17వది ప్రాథమిక, మాధ్యమిక పాఠశాలలతో సహా విద్య. 73వ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. టీచర్లు, జీతాలు, బదిలీలు మన చేతికి రాలేదు, వస్తాయన్న ఆశా లేదు. కానీ నీళ్లు, పారిశుధ్యం మన చేతిలోనే ఉన్నాయి.

మెంబర్ గారికి ఉపయోగపడేది: 15వ ఆర్థిక సంఘం కింద కేంద్రం పంచాయతీలకు ఇచ్చే నిధుల్లో 60 శాతం తాగునీరు, పారిశుధ్యానికే ఖర్చు పెట్టాలి. దాన్ని టైడ్ గ్రాంట్ అంటాం. బోరు మోటారు స్టార్టర్ అందులోకి వస్తుంది. నోటిమాటగా అడిగితే సర్పంచ్ "చూద్దాం" అంటాడు, నేనూ "చూద్దాం" అంటాను, అక్కడితో అయిపోతుంది. గ్రామ సభ రెండు నెలలకోసారి పెట్టి తీరాలి. పాలకవర్గం మీటింగ్ అజెండాలో "ప్రాథమిక పాఠశాల బోరు మరమ్మతు" అని ఒక్క లైను రాయించండి. రాసింది ఉంటే నేను జవాబు చెప్పాలి. ఎస్ఎంసీ తీర్మానం కాపీ దానికి జత చేస్తే ఇంకా మంచిది. ఈ ఆర్థిక సంఘం గడువు 2026 మార్చి 31తో అయిపోతుంది, ఆలస్యం వద్దు.

ఇంకొకటి, దీనికి సంబంధం లేదనుకోండి. మీ ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను. అది జిల్లా గ్రంథాలయ సంస్థకు పోవాలి. మీ ఊరికి ఎన్ని పుస్తకాలు వచ్చాయో ఎప్పుడైనా అడిగారా?


బళ్లారి_బావ
జనవరి 6, రాత్రి 9:30

మా నాన్న కాలంలో అనంతపురం నుంచి వచ్చి ఇక్కడే బళ్లారిలో స్థిరపడ్డాం. కర్ణాటకలో పిల్లల కోసం వేరే గ్రామ సభ పెడతారు, మక్కళ గ్రామ సభ అంటారు, 2006 నుంచి ఉంది. పిల్లలే లేచి అడుగుతారు. మొన్న మా ఊర్లో నాలుగో తరగతి పిల్ల మైకు పట్టుకుని, "బడి గోడ పక్కన మందు సీసాలు పగలగొడుతున్నారు, నా కాలు తెగింది" అని కాలు ఎత్తి చూపించింది. పంచాయతీ అధ్యక్షుడి బావమరిదే ఆ మందు కొట్టు నడిపేది. ఆయన మొహం చూడాలి!

పంచాయతీ లైబ్రరీలను ఇక్కడ అరివు కేంద్ర అంటారు, పిల్లలకు సభ్యత్వం ఉచితం. మా వాడు సాయంత్రం అక్కడే ఉంటాడు. చదవడానికని కాదు, అక్కడ క్యారమ్ బోర్డు ఉంది.


గోదారిగట్టు
జనవరి 7, ఉదయం 7:05

కోనసీమ నుంచండి. 2021 ఫిబ్రవరిలో వార్డు మెంబర్‌గా గెలిచాను, ఇంకో మూణ్ణెల్లలో మాజీ అయిపోతాను. మా వైపు కథ వేరు. 2019 నవంబర్ 14న సర్కారు బళ్లను బాగుచేసే నాడు-నేడు పథకం మొదలుపెట్టినప్పుడు పనులన్నీ తల్లిదండ్రుల కమిటీ చేతిలో పెట్టారు. సిమెంటు బస్తా లెక్క నుంచి ఫ్యాను బిగించడం దాకా. మా కమిటీ చైర్‌పర్సన్ కొబ్బరి ఒలుపు పనికి పోయే మనిషి. టైల్స్ కొట్టువాడు "అమ్మా, సెకండ్ క్వాలిటీ తీసుకోండి, ఎవరికి తెలుస్తుంది?" అంటే, "మా పిల్ల కాలికి తెలుస్తుంది" అందట. నేను అక్కడ లేను, కొట్టువాడే చెప్పాడు.

ఆ మెరుపులు చూసి మురిసిపోయాం. తర్వాత 2022లో జీవో 117 వచ్చింది, మూడు, నాలుగు, ఐదు తరగతులను హైస్కూల్‌కు కలిపేశారు. కొత్త టైల్స్ మీద ఒకటి, రెండు తరగతుల పిల్లలు పద్నాలుగు మంది మిగిలారు. పోయినేడు ఆ జీవో తీసేశారు గానీ పోయిన పిల్లలు పోయినట్టే. అందుకే చెల్లెమ్మా, సుద్దముక్క గారన్న మాట పట్టుకోండి. గోడలు కాదు, అంకె ముఖ్యం.

నేను ఐదేళ్లలో చేసింది చెప్పుకోవాలంటే ఒక్కటే. కనుమ నాడు మా దగ్గర ప్రభల తీర్థం, అంటే దేవుడి ప్రభలను మోసుకొచ్చే జాతర. ఊరంతా బండ్లు, ట్రాక్టర్లు బడి గ్రౌండ్‌లోనే పెడతారు. పండగ అయ్యాక బడి తెరిచేసరికి గ్రౌండ్ నిండా సీసాలు, ప్లాస్టిక్ గ్లాసులు, పేడ. టీచర్లు పిల్లలచేత ఏరించేవారు. 2022 నుంచి తీర్థం కమిటీ దగ్గర ఒక షరతు పెట్టించాను, ముక్కనుమ పొద్దున పది గంటలకల్లా గ్రౌండ్ ఊడ్చి అప్పగించాలి. మొదటేడు నేను, మా తమ్ముడు, ఇంకో ఇద్దరే ఊడ్చాం. పోయినేడు ఇరవై మంది వచ్చారు. ఈసారి ఎంతమందో వచ్చే వారం తేలుతుంది.

వంటింటి_పొగ గారూ, మా దగ్గర బడి భోజనానికి ఇప్పుడు డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఆవిడది లంకల గన్నవరం, మాకు దగ్గరే. దారిన పోయే వాళ్లను పిలిచి అన్నం పెట్టిన తల్లి. ఆవిడ పేరు పెట్టాక కూడా వంట మనుషుల బిల్లు లేటేనండి. ఆవిడుంటే ఏమనేవారో.


కందిచేను
జనవరి 20, రాత్రి 10:15

పండుగ పనుల్లో పడి రాయలేదు. ఇంతమంది ఇంత ఓపికగా రాస్తారనుకోలేదు. ఒక్కొక్కటీ చెప్తాను.

స్టార్టర్: పచ్చసిరా గారు చెప్పినట్టే అజెండాలో రాయమన్నాను. మా కార్యదర్శి కొంచెం ఇబ్బందిగా చూసి రాశారు. మీటింగ్‌లో ఒక మెంబర్, "బడికి ఎందుకు, పిల్లలే లేరు కదా" అన్నాడు. ఆయన మనవడు బస్సెక్కే పిల్లల్లో మూడోవాడు, నేను లెక్కపెట్టాను కదా. ఆ మాట అనబోయి ఆగాను, మా పిల్ల కూడా అదే బస్సు. తీర్మానం అయితే పాసైంది. సంక్రాంతి సెలవుల్లో ఎలక్ట్రీషియన్ వచ్చి బిగించాడు. మొదటి పావుగంట ఎర్రనీళ్లు వచ్చాయి, తర్వాత తేటపడ్డాయి. మా పెద్దమ్మ "ఇంక నా ఇంటికి ఎవరూ రారు" అని బాధపడింది. నిజంగానే బాధపడింది, నవ్వులాటకు కాదు.

కోతులు: మా సర్పంచ్ గారి ఐడియా, కొండముచ్చు బొమ్మతో ఫ్లెక్సీ కట్టించారు. నిజం కొండముచ్చును తెచ్చి కట్టేస్తే అటవీ శాఖ వాళ్లు ఊరుకోరట. మొదటి రెండు రోజులు ఒక్క కోతి రాలేదు. మూడో రోజు గోడ మీద కూర్చుని చూశాయి. నాలుగో రోజు ఒకటి ఆ ఫ్లెక్సీ పట్టుకునే ఊగింది.

అన్నం: నాలుగుసార్లు పోయి తిన్నాను. పిల్లలతో పాటు నేల మీద. ఒక సంగతి కనబడింది. ప్లేట్లు 22 మాత్రమే ఉన్నాయి. అందరూ వచ్చిన రోజు ఐదుగురు ఆగి, ముందు తిన్నవాళ్ల ప్లేట్లు కడుక్కుని తింటారు. ఎప్పుడూ ఆ ఐదుగురే. ఎందుకని అడిగితే ఎవరూ చెప్పలేదు. వాళ్ల ఇళ్లు ఎటు వైపో నాకు తెలుసు, ఇక్కడ రాయను.

అంకె: ఊరి బయట ఇటుక బట్టీ ఉంది. ఒడిశా నుంచి వచ్చిన వాళ్లు. దీపావళి తర్వాత వచ్చి వానలకు ముందు పోతారు. బడి వయసు పిల్లలు ఐదుగురు కనబడ్డారు. తల్లులతో మాట్లాడదామంటే భాష రాదు. బట్టీ మేస్త్రీకి కొంచెం తెలుగు వస్తుంది, అతనే చెప్పాడు. వాళ్లు అడిగిన మొదటి ప్రశ్న, "మధ్యాహ్నం అన్నం పెడతారా?" రెండోది, "కొడతారా?" ముగ్గురిని పంపుతామన్నారు. మిగతా ఇద్దరు చిన్నపిల్లల్ని చూసుకోవాలట. కాగితాలేవీ లేవు వాళ్ల దగ్గర. చేర్చుకోవచ్చా సుద్దముక్క సార్?


సుద్దముక్క
జనవరి 21, ఉదయం 5:50

నిస్సందేహంగా. వయసు ధ్రువపత్రం లేదని ఏ పిల్లనూ వెనక్కి పంపకూడదు, 14వ సెక్షన్. ఏడాది మధ్యలో వచ్చినా చేర్చుకోవాలి, 15వ సెక్షన్. వయసుకు తగిన తరగతిలో కూర్చోబెట్టాలి, 4వ సెక్షన్. మీ హెడ్ మాస్టర్‌కు ఇవన్నీ తెలుసు, తెలియక కాదు సందేహం. మధ్యలో వచ్చి మధ్యలో పోయే పిల్లల పేర్లు ఆన్‌లైన్‌లో ఎక్కించడం, తీయడం పెద్ద తలనొప్పి. ఆ పని చేసిన వాణ్ని, చెప్తున్నాను. ఒక సాయంత్రం పోయి ఆయన పక్కన కూర్చుని చాయ్ తాగండి, చట్టం పేరెత్తకండి.

ఇంకో మాట ముందే చెప్పాలి. గ్రాంటు యూడైస్ మీద, అంటే ఏటా ఆన్‌లైన్‌లో ఎక్కించే బడి పిల్లల లెక్కల మీద వస్తుంది. జనవరిలో వచ్చిన పిల్లలు ఈ ఏడు డబ్బుకు పనికిరారు. వాళ్లు వానలకు ముందే వెళ్లిపోతారు. కాబట్టి నేను చెప్పిన 31 లెక్కలో వీళ్లు లేరు. అయినా చేర్చండి.


నిమ్మసోడా
జనవరి 21, ఉదయం 9:12

27 + 3 = 30. అది కూడా నాలుగు నెలలే. 31వది ఎవరో ఈ థ్రెడ్‌లో అందరికీ తెలుసు, పాపం మర్యాదకు ఎవరూ అనట్లేదు. నాకు ఆ మర్యాద లేదు.


కందిచేను
జనవరి 21, రాత్రి 9:50

అనండి, తప్పేం లేదు. ఆయనకు చెప్పాను. రెండు రోజులు మాట్లాడలేదు. "నువ్వు గెలిస్తే పిల్ల ఓడిపోవాలా" అన్నాడు. ఆ మాట రాత్రంతా తిరిగింది. ఆయన చదివింది ఈ బళ్లోనే, పదో తరగతి తప్పాడు, ఆ కోపం ఆయనకు బడి మీద ఉంది. మూడో టర్మ్ ఫీజు డిసెంబర్‌లోనే కట్టేశాం. ఆ స్కూల్ వాళ్లను టీసీ అడిగితే బస్సు బాకీ తీర్చి, ఏడాది అయ్యాక రమ్మన్నారు.


సుద్దముక్క
జనవరి 22, ఉదయం 5:40

టీసీ రాలేదని సర్కారు బడి చేర్చుకోకుండా ఉండకూడదు, 5వ సెక్షన్. కానీ అది మీ ఇంటి విషయం. జూన్ అన్నారు, జూన్‌లోనే చేర్చండి. సెప్టెంబర్ 30 యూడైస్ లెక్కకు అందుతుంది.


కందిచేను
జనవరి 22, ఉదయం 6:30

ఉన్న ఒక్క సాకూ తీసేశారు సార్ :)


ఊరిబావి
జనవరి 23, ఉదయం 8:10

డల్లాస్ నుంచి. మాది సూర్యాపేట దగ్గర. ఈ థ్రెడ్ రెండు రోజులుగా చదువుతున్నాను. ఆ ప్లేట్ల సంగతి దగ్గర ఆగిపోయాను. నేనూ అట్లా ఆగి తిన్నవాణ్నే, 90ల్లో, హాస్టల్‌లో.

మొదట డిజిటల్ బోర్డు ఇద్దామనుకున్నాను. మీరు చెప్పింది విన్నాక 40 స్టీలు ప్లేట్లు, 40 గ్లాసులు ఇస్తాను. ఒకే కోరిక, ప్లేట్ల మీద మా నాన్న పేరు కొట్టించండి. స్టీలు సామాను కొట్టులో ఊరికే కొడతారు కదా.


వంటింటి_పొగ
జనవరి 23, మధ్యాహ్నం 12:40

అన్నా, తప్పుగా అనుకోవద్దు. ఆ ఐదుగురు పిల్లలు ఎందుకు ఆగుతున్నారో మీకు అర్థమైందని మీరే రాశారు. ఇప్పుడు ప్లేటు మీద ఎవరి పేరు ఉన్నా ఇళ్లల్లో ముందు ఆ పేరు ఎవరిది, ఏ వాడకట్టు వాళ్లది అనే అడుగుతారు. మా బళ్లో ఒకాయన ఫిల్టర్ ఇచ్చి పేరు రాయించాడు. కొందరు తల్లులు "ఆ నీళ్లు తాగొద్దు" అని పిల్లలకు సీసాలు కట్టి పంపారు.


ఊరిబావి
జనవరి 23, రాత్రి 7:55

నాకు కోపం వచ్చిన మాట నిజం. మా నాన్న జీతగాడు. ఆయన పేరు ఏ రాయి మీదా లేదు, ఏ కాగితం మీదా సరిగా లేదు. గుళ్లో ఫ్యాను మీద ఎవరి పేరో ఉండొచ్చు, బావి గట్టు మీద ఉండొచ్చు, మా నాన్న పేరు ప్లేటు మీద ఉంటే ఊరికి కడుపునొప్పా?


నిమ్మసోడా
జనవరి 23, రాత్రి 8:20

కడుపునొప్పే. అదే మరి ఆమె చెప్పేది. నేను మీ వైపే ఉన్నాను అన్నా, పేరు కొట్టించండి, తాగనివాళ్లు తాగరు, తినని వాళ్లు తినరు.


గోదారిగట్టు
జనవరి 23, రాత్రి 8:41

తినని వాళ్లు బస్సెక్కుతారు నిమ్మసోడా గారూ. 27 కాస్తా 24 అవుతుంది, ఇందాకటి వంట మనిషి లెక్క మళ్లీ చూసుకోండి.


అడ్మిన్
జనవరి 23, రాత్రి 9:05

రెండు వ్యాఖ్యలు తీసేశాను, కులం పేర్లు వచ్చాయి. మిగతాది కొనసాగించండి.


పచ్చసిరా
జనవరి 24, ఉదయం 10:30

మధ్యేమార్గం ఒకటి. స్టాక్ రిజిస్టర్‌లో దాత పేరు పూర్తిగా రాస్తారు. తండ్రి పేరు మీద ఇచ్చినట్టు రాయించండి. ఆ రిజిస్టర్ బడి ఉన్నంతకాలం ఉంటుంది. ప్లేటు మూడేళ్లలో సొట్టపోతుంది.


కందిచేను
ఫిబ్రవరి 8, రాత్రి 9:25

ముందు జనవరి 26 సంగతి. బళ్లో జెండా ఎవరు ఎగరేయాలని మళ్లీ పంచాయతీ. సర్పంచ్ గారు పంచాయతీ ఆఫీసు దగ్గర ఎగరేసి వస్తానన్నారు, గంటన్నర రాలేదు. సమాఖ్య అధ్యక్షురాలు "నేను చైర్‌పర్సన్‌ని" అన్నది. పిల్లలు మంచులో చేతులు చంకల్లో పెట్టుకుని నిలబడ్డారు. హెడ్ మాస్టర్ నా వైపు చూశారు. "సార్, మీరే ఎగరేయండి" అన్నాను. ఎగరేశారు. సర్పంచ్ గారు వచ్చేసరికి లడ్డూలు పంచుతున్నాం. ఆయన నాతో ఇంకా సరిగా మాట్లాడటం లేదు. వచ్చే అజెండాలో ప్రహరీ పని రాయించాలి, ఎట్లాగో చూడాలి.

బట్టీ పిల్లలు ముగ్గురూ వస్తున్నారు. మొదటి వారం మాట లేదు. మా రెండో టీచరమ్మ ఫోన్‌లో ఒడియా అక్షరాలు చూసి బోర్డు మీద రాసింది, అందులో పెద్దపిల్ల లేచి ఆమె రాసిన 'అ'ను దిద్దింది. ఇప్పుడు ఆ పిల్ల ఎక్కాలు చెప్పేటప్పుడు తెలుగులో మొదలుపెట్టి, వేగం పెరిగాక ఒడియాలోకి పోతుంది. లెక్క మాత్రం తప్పదు.

ప్లేట్లు వచ్చాయి. ఊరిబావి అన్నతో ఫోన్‌లో గంటసేపు మాట్లాడాను. చివరికి ఆయనే అన్నాడు, పేరు వద్దు, "బడి" అని మాత్రం కొట్టించమన్నాడు. వాళ్ల నాన్న పేరు రిజిస్టర్‌లో రాయించి, ఆ పేజీ ఫొటో పంపాను. ఆయన జవాబు రాయలేదు, మెసేజ్ చూసినట్టు మాత్రం ఉంది. కొట్టాయన ఒక్కో ప్లేటు అంచు తిప్పుతూ చుక్కలు చుక్కలుగా కొట్టాడు, రెండు గంటలు పట్టింది. ఇప్పుడు ఎవరూ ఆగట్లేదు, అందరూ ఒకేసారి కూర్చుంటున్నారు. ఆ ఐదుగురు మొదటి రెండు రోజులు అలవాటు కొద్దీ వెనకే నిలబడ్డారు. వంటామె గరిటెతో పిలిచి కూర్చోబెట్టింది.

మా ఆయన ప్లేట్ల మూట బండి మీద తెచ్చి బళ్లో దింపాడు. లోపలికి రాలేదు, గేటు దగ్గరే ఉన్నాడు. హెడ్ మాస్టర్ రిజిస్టర్ తెచ్చి ఈసారి నాకే ఇచ్చారు. మేం చెప్పింది 40, బళ్లో దింపాక లెక్కపెడితే 41 ఉన్నాయి. కొట్టుకు ఫోన్ చేస్తే, "ఉండనియ్యమ్మా, బడి కదా" అన్నాడు.


సుద్దముక్క
ఫిబ్రవరి 9, ఉదయం 5:45

ఆ 41వ ప్లేటు కూడా రిజిస్టర్‌లో ఎక్కించారా? ఆడిట్‌లో అడుగుతారు.